సివరికెల్లేవా బావా

టెక్కలి కాలేజీలో కుర్రాళ్లకు కంప్యూటర్ పాఠాలు చెప్పే యుగంధర్‌కు ఒక పాడు అలవాటుంది. సొంతానికి ఏ ప్రోగ్రాం రాసుకున్నా అరకొరగా రాసి, మిగతాది నేను చూసుకుంటాన్లే అంటాడు.

అతని భార్య భవానిది పూండి దగ్గర జీడితోటల ఊరు. రెండు కిడ్నీలూ పోయాయి. పలాసలో డయాలసిస్‌కు పడుకున్నప్పుడల్లా, ఇంకా మాటలు రాని కూతురితో కబుర్లు చెప్పేది. "రేపు నా మొకం దీనికి గుర్తుండదు. గొంతయినా ఉండనీ బావా" అంది. అందుకని యుగంధర్ ల్యాప్‌టాప్‌లో చిన్న ప్రోగ్రాం రాశాడు. ఆమె మాటలన్నీ ఒక్క ఫైల్లోనే, ఒకదాని వెనక ఒకటి చేరేవి.

కొత్త కబురు మొదలెట్టేముందు పోయినసారిది కాస్త వినాలి భవానికి. అక్కడే వచ్చింది తిరకాసు. ఫైలు తెరిచి ఉన్నంతసేపూ లోపల ఒక గుర్తు కదులుతూ ఉంటుంది. వినడం ఎక్కడ ఆపితే అదీ అక్కడే ఆగుతుంది. అప్పుడు రికార్డు నొక్కితే అక్కడినుంచే రాసేస్తుంది, కింద పాత మాటలున్నాయని చూసుకోదు, అవి చెరిగిపోతాయి. ముందు గుర్తును చివరికి జరపాలి. ప్రోగ్రాంలో ఒక్క లైను రాస్తే అదే జరుగుతుంది. మహానుభావుడు రాయలేదు, గుర్తుంచుకుని తనే నొక్కేలా దానికో వేరే మీట పెట్టి ఊరుకున్నాడు.

ఈ సంగతి ఒకసారి చెబితే భవాని పట్టేసుకుంది. సూదులున్న చెయ్యి కదపకుండా ప్రతిసారీ అడిగేది.

"సివరికెల్లేవా బావా?"

"ఎల్లేన్లేవే."

"మరోపాలి సూడు. నా మాట మీద నా మాటే పడిపోగలదు."

ఆమె అడుగుతోంది కదా అని అతను ఆ లైను రాయనే లేదు. జీడిపూత రాలే రోజుల్లో భవాని పోయింది.

కర్మకాండలయ్యాక ఒక ఉదయం యుగంధర్ గుండె చిక్కబట్టుకుని ఫైలు తెరిచాడు. చివరి రోజు మాటలు ఇంకా ఎవరూ పెట్టుకుని వినలేదు. గుర్తును అక్కడికి జరిపాడు.

"అమ్మలూ, ఇలా సూడు. నీకో మాట సెప్తాను."

మూలన ఆడుకుంటున్న పిల్ల గబగబా పాక్కుంటూ వచ్చి తెరను తడిమింది. "అమ్మ" అంది. అదే దాని మొదటి మాట. దానికోసం భవాని ఎంత కాచుకుందో! యుగంధర్‌కు ఒళ్లు తెలియలేదు. వినడం ఆపి రికార్డు నొక్కేశాడు. పిల్ల అమ్మ, అమ్మ అంటూ ఏవేవో పలికింది, నవ్వింది. ఇవి వాళ్లమ్మ మాటల వెనకే చేరాలని మురిసిపోయాడు.

చివరికెళ్లావా అని అడిగే మనిషి లేదు. అతను వెళ్లలేదు.

మళ్లీ పెట్టి విన్నప్పుడు తెలిసింది. "నీకో మాట సెప్తాను" అంది భవాని. వెంటనే పిల్ల గొంతు, నవ్వు. అది అయిపోగానే మళ్లీ భవాని, మాట మధ్యలోంచి.

"...అదీ సంగతి. ఇది మట్టుకు మర్సిపోకేం."

ఏది? ఆ రోజు అతను మంచం పక్కనే ఉన్నాడు. మిషను అంకెలు చూస్తూ, ఫైల్లో ఉంటుందిలే, తర్వాత వినొచ్చులే అనుకున్నాడు. కాపీ కూడా రేపు తీద్దాంలే అనుకున్నవాడే. ఇప్పుడెంత తలబాదుకున్నా ఒక్క ముక్క గుర్తుకు రాలేదు.

సాయంత్రం కూర్చుని ఆ ఒక్క లైనూ రాశాడు. ఇక చివరికెళ్లావా అని ఎవరూ అడగక్కర్లేదు. పిల్లను ఒళ్లో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.