ఖాళీ చేసినవాడి తాళంచెవి

మధ్యాహ్నం మూడైంది. నాలుగింటి లోపల తప్పు సరిచెయ్యకపోతే ఆన్‌లైన్ ల్యాబ్ ఆపేస్తానని ఆఫీసు నుంచి పైఅధికారి నీలిమ తస్లీమ్‌కు ఫోన్లో తేల్చి చెప్పింది. ఆపేస్తే రేపు మాచర్ల కాలేజీలో అరవై మందికి ప్రాక్టికల్ పరీక్ష ఉండదు. ఆ కాలేజీని ఈ ల్యాబ్‌కు ఒప్పించింది తస్లీమే.

నరసరావుపేటలో వాళ్ల నాన్న జమాల్ తాళాల కొట్టు మీది గదిలోంచే ఆమె ఉద్యోగం. ల్యాబంటే ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్‌లో కాలేజీకొక ఉత్తుత్తి యంత్రం, దాని కడుపులో విద్యార్థికొకటి. తప్పేమిటంటే, ఒకరు వాడి తిరిగిచ్చిన మెమరీ ముక్కను ఇంకొకరికి ఇచ్చాక కూడా మొదటివాళ్లు అందులోకి తొంగిచూడగలుగుతున్నారు. ఆ ముక్కకు దారి చూపే పాత గుర్తు ప్రాసెసర్‌లో చెరగకపోవడమే కారణం. తస్లీమ్ చెరిపించింది. ప్రోగ్రాంను సరిచూసే పరీక్షలన్నీ నెగ్గినట్టు పచ్చగా వెలిగాయి.

జమాల్ టీ గ్లాసుతో మెట్లెక్కి వచ్చాడు. "అయిందా?"

"అయింది నాన్నా. ఆ ముక్కలో కొత్తగా చేరినోళ్లు రాసుకున్నారు, రాసింది చదువుకున్నారు. చానా బాగుంది."

"కొత్తోళ్లకు బాగానే ఉంటదిలే. ఖాళీ చేసినోడి చేత తిప్పించావా?"

"ఏంది తిప్పేది?"

"తాళం మార్చినాక పాత తాళంచెవి పెట్టి ఇంటాయన ముందే తిప్పుతా. తిరక్కపోతేనే అప్పజెప్పేది. ఇన్నేళ్లూ కింద కొట్లో కూర్చుని ఏం చూశావమ్మా ఇంజినీరమ్మా?"

ఆమె టీ పక్కన పెట్టి, ముక్కను ఖాళీ చేసిన పాత విద్యార్థి యంత్రం చేత దాన్ని చదివించింది. కొత్త విద్యార్థి జవాబు అక్షరాలా తెర మీదికి వచ్చింది. ఆమె తను రాసిందంతా మొదటి నుంచి చూసింది. లోపం ఎక్కడ? కాలేజీ యంత్రం గుర్తులు మాత్రమే చెరిగాయి. దాని లోపలి విద్యార్థుల యంత్రాల గుర్తులను ప్రాసెసర్ వేరే నంబరు కింద దాచుకుంటుంది. వాటి జోలికే వెళ్లలేదు.

దొరికింది. రెండే వాక్యాలు. వాటినీ చెరిపించమని రాసింది. ప్రోగ్రాం మళ్లీ తయారవడానికి తొమ్మిది నిమిషాలు. ఆ ఎండలో కరెంటు ఒక్కసారి కూడా పోలేదు. జమాల్ కిందికి వెళ్లకుండా, బేరాలు వదులుకుని తలుపు దగ్గరే నిలబడ్డాడు.

పాత యంత్రం ఆ ముక్కను మళ్లీ అడిగింది. అలాంటి చోటు లేదని జవాబొచ్చింది. వెయ్యిసార్లు అడిగించింది. వెయ్యిసార్లూ అదే మాట.

"తిరగలా నాన్నా," అంది, నవ్వు ఆపుకోలేక.

నాలుగింటికి రెండు నిమిషాలుండగా నీలిమ చూసి, సరేనంది. ల్యాబ్ ఆగలేదు. మాచర్ల నుంచి ముగ్గురు పిల్లలు అప్పుడే లోపలికొచ్చి రేపటి లెక్కలు సాధన చేస్తున్నారు. తస్లీమ్ వాళ్ల పేర్లు ఒక్కొక్కటీ పైకి చదివింది.