నడవని అడుగులు

ఆరోగ్య వారం చివరి రోజున సూపర్‌వైజర్ ఆమె సీటు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"సాయంత్రం మీ వదినగారి పేరున షీల్డు ఇస్తున్నారమ్మా. మీరే అందుకోవాలి."

"దేనికి సార్?"

"పోయిన ఏడాది ఒక్క పూట తప్పకుండా గంటగంటకీ లేచి నడిచింది ఆవిడొక్కరే. కంప్యూటర్ తీసిన లిస్టు."

అప్పటికే ఆమె హెడ్‌సెట్‌లో ఎవరో కరెంటు పోయిందని అరుస్తున్నారు.

ఆ హాల్లో నలభై సీట్లు. ఫోన్లో ఫిర్యాదులు తీసుకోవడం పని. గంటకోసారి తెర మీద ఒక పెట్టె వస్తుంది: 'లేచి రెండు నిమిషాలు నడిచారా?' కింద ఒకటే బటన్, 'నడిచాను'. అది నొక్కితేనే తర్వాతి కాల్ వస్తుంది. ఆలస్యమైతే గోడ మీద ఎర్ర అంకెలు పెరుగుతాయి, సూపర్‌వైజర్ వచ్చి కుర్చీ వెనక నిలబడతాడు. అందుకని అందరూ కూర్చునే నొక్కుతారు. "ఈ లెక్కన మనం భూమి చుట్టూ రెండుసార్లు తిరిగొచ్చేశాం" అంటాడు పక్క సీటు పెద్దాయన, మోకాళ్లు రుద్దుకుంటూ.

వదినను ఈ ఉద్యోగంలో చేర్పించింది ఆమే. మొదటి రోజు వదిన పెట్టె చూసి నిజంగానే లేచింది. వరండా చివరిదాకా వెళ్లి వచ్చేసరికి సూపర్‌వైజర్ నిలబడి ఉన్నాడు. "ఇదేమన్నా పార్కా అమ్మా?" అన్నాడు అందరి ముందూ. వదిన ముఖం మాడిపోయింది. ఆమే వంగి చెవిలో చెప్పింది: "పిచ్చి వదినా, రాగానే నొక్కెయ్. ఎవరు చూడొచ్చారు?"

వదిన మాట వినే మనిషి. నాలుగేళ్లు నొక్కింది. కాలు వాస్తే చెప్పుల పట్టీ వదులు చేసుకుంది. పిక్కలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి చేరిందని, ఎక్కువసేపు కదలకుండా కూర్చునేవాళ్లకి ఇలా జరుగుతుందని డాక్టరు చెప్పేసరికి వదిన లేదు. పరామర్శకు వచ్చిన మేనేజరు అన్నయ్యకు నడక రికార్డు చూపించి వెళ్లాడు.

అప్పటినుంచీ అన్నయ్యది ఒకటే మాట. "రోజుకి ఎనిమిదిసార్లు నడిచేదటే! మరి ఇదెలా జరిగింది? ఇంట్లో నేనే ఏదో సరిగ్గా చూసుకోలేదు." మూడు నెలలుగా ఆమె తల వంచుకుని వింటోంది.

సాయంత్రం వ్యాయామం నేర్పే అమ్మాయి వచ్చింది. కుర్చీలోంచి లేవకుండా చేయగల కసరత్తులట. మెడలు తిప్పించింది, మడమలు ఎత్తించింది. పక్కన ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. తర్వాత మేనేజరు షీల్డు పట్టుకున్నాడు. దాని మీద వదిన ఐడీ కార్డు ఫొటో. "ఈవిడ మనందరికీ ఆదర్శం" అన్నాడు. చప్పట్లు మోగాయి.

ఆమె వేదిక ఎక్కింది గానీ చేతులు చాపలేదు.

"మా వదిన నడవలేదు సార్."

చప్పట్లు ఆగాయి.

"ఒక్క రోజు నడిచింది. పార్కా అని అడిగారు. ఊరికే నొక్కమని నేర్పింది నేను. ఈ హాల్లో ఎవరూ నడవరు. మీకూ తెలుసు."

"అమ్మా, మీరు బాధలో ఉన్నారు..."

"బాధ ఇంట్లో పడతాను. ఇక్కడ నాకు ఒళ్లు మండుతోంది. కాలు కదపనివ్వకుండా కూర్చోబెట్టి, నడిచానని మనిషి చేతే చెప్పించుకున్నారు. దాన్ని తీసుకెళ్లి మా అన్నయ్యకి చూపించారు!"

వెనకనుంచి పెద్దాయన లేచాడు. "నేనూ నడవలేదు సార్. మోకాళ్లు చూపించమంటారా?" ఎవరూ నవ్వలేదు.

"మీరిద్దరూ రేపు నా గదికి రండి" అన్నాడు మేనేజరు.

ఆమె హెడ్‌సెట్ బల్ల మీద పెట్టి, తిన్నగా అన్నయ్య ఇంటికి వెళ్లింది. అతను తలుపు తీసి ఆమె చేతుల వంక చూశాడు.

"మీ ఆఫీసువాళ్లు ఫోన్ చేసి చెప్పిన షీల్డు ఏదే? అలమరలో చోటు చేసి పెట్టాను."

"తేలేదన్నయ్యా. నీ తప్పేం లేదు." గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పింది. పార్కు మాట, చెవిలో తను చెప్పిన మాట కూడా.

"మూడు నెలలు" అన్నాడతను. "మూడు నెలలు నా ఎదురుగా కూర్చుని విన్నావు."

"విన్నాను."

"వెళ్లిపో."

ఆమె వెళ్లలేదు. అతను గొంతెత్తి తిట్టడం మొదలుపెట్టాడు. మేనేజరును, సూపర్‌వైజరును, ఆమెను. ఒక్క మాట కూడా కాదనకుండా అక్కడే నిలబడి వింది.