సోమమ్మ ఎత్తుకున్న పాట

మే నెల ఎండలో పాటలు వినడానికి ఊరు దాటి వెళ్ళే మనిషిని ఏమనాలో నాకు తెలియదు. మా ఇంట్లో మాత్రం ఆ మనిషిని సోమమ్మ అంటారు. నా భార్య. పొద్దున్నే లేచి, కొత్త మామిడికాయ తొక్కు సీసాలో కుక్కి, మూతకు గుడ్డ కట్టి, ఆ సీసాను చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కింది. నీళ్ళ సీసా మాత్రం ఇంట్లోనే మరిచిపోయింది. కొత్తగూడెం నుంచి ములకలపల్లి దాకా నేను సణుగుతూనే ఉన్నాను. ఆమె వింటే కదా.

నిజానికి ఆమెకు కావలసింది పాటలు కావు. ఒకే ఒక్క పాట.

బొగ్గు గనిలో నాదీ దేవ్‌సింగ్‌దీ ఒకే షిఫ్టు. కంపెనీ క్వార్టర్లలో మా రెండిళ్ళకూ మధ్య ఒకే గోడ. ఆయన భార్య ద్వాలి, మా సోమమ్మ ఆ గోడ మీదుగానే కూర గిన్నెలు మార్చుకున్నారు, పిల్లల్ని పెంచుకున్నారు, మొగుళ్ళను తిట్టుకున్నారు. ద్వాలి వాళ్ళ తండాలో ఒక పద్ధతి ఉంది. అయినవాళ్ళు చాలాకాలానికి కలిసినా, విడిపోయి దూరం వెళ్తున్నా, ఆడవాళ్ళు మెడలు పట్టుకుని, తల మీదికి పైట లాక్కుని, రాగం తీసి ఏడుస్తారు. అది ఉత్త ఏడుపు కాదు. ఎవరికి పిల్లలు పుట్టారు, ఏ ఆవు ఈనింది, నువ్వు లేక నాకెన్ని రోజులు అన్నం సయించలేదు, అన్నీ ఆ పాటలోనే చెప్పుకుంటారు. అయ్యాక ముఖం తుడుచుకుని నవ్వేస్తారు. మొదటిసారి విన్నప్పుడు ఎవరో పోయారనుకుని, సగం గడ్డం గీసుకున్న ముఖంతో గోడ దూకాను. ద్వాలి వాళ్ళ అక్క వచ్చిందంతే. ఆ సంగతి చెప్పుకుని సోమమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

అన్నీ తెలిసిన మనిషే తప్పు చేసింది. దేవ్‌సింగ్ రిటైరై తండాకు వెళ్ళిపోయే రోజునే మా అమ్మాయి మధులత నిశ్చితార్థం కుదిరింది. సామాను లారీ ఎక్కించి, సెలవు తీసుకోవడానికి వచ్చిన ద్వాలి అందరి ముందే సోమమ్మ మెడ పట్టుకుని రాగం ఎత్తుకుంది. మగపెళ్ళివాళ్ళు కంగారుగా లేచి నిలబడ్డారు. సోమమ్మకు సిగ్గు ముంచుకొచ్చింది.

"శుభమా అని పిల్లకు బొట్టు పెడుతుంటే గీ ఏడుపేంది, ద్వాలక్కా. బంద్ చెయ్."

ద్వాలి బంద్ చేసింది. కళ్ళు తుడుచుకుని, అన్నం ముట్టకుండా లారీ ఎక్కింది. అప్పటినుంచి సోమమ్మ ఫోన్ చేస్తే ఎత్తలేదు. నేనూ దేవ్‌సింగూ మాట్లాడుకుంటూనే ఉన్నాం. మగవాళ్ళం కదా, మాకు మాట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు.

వాళ్ళ అబ్బాయి బలరాం ఖమ్మంలో ఉద్యోగం చేస్తూ, తండా పక్కన అడవి మొదలయ్యే చోట, పత్తి ఏరేసిన చేలో, ఏటా ఎండాకాలం పాటల పండుగ పెడుతున్నాడు. ఈసారి మమ్మల్ని పిలిచాడు. సోమమ్మ బస్సులో ఒక్క మాట అంది.

"నన్ను పట్టుకొని ఏడ్చిందనుకో, నేను ఇంకా ఆమెకు చెల్లెనే. రాండ్రి, కూసోండ్రి అన్నదనుకో, ఇగ ఖతం. పరాయిదాన్నే."

ఆ తర్వాత నేను సణగలేదు.

చేను చూసి నోరెళ్ళబెట్టాను. రెండు ట్రాక్టర్ ట్రాలీలు పక్కపక్కన నిలిపి వేదిక చేశారు. చుట్టూ తాటాకు పందిళ్ళు, కుండల్లో మజ్జిగ. హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి రైల్లో వచ్చిన పిల్లలు టోపీలు పెట్టుకుని చాపల మీద దొర్లుతున్నారు. గుట్ట మీది ఊళ్ళవాళ్ళు డోళ్ళు వాయిస్తుంటే నా కాళ్ళు వాటంతటవే ఆడాయి. భూమి కడుపులో అంతకాలం పనిచేసినవాణ్ణి. నెత్తి మీద పైకప్పు లేకుండా, అంత ఆకాశం కింద పాట వింటుంటే ఎంత సంతోషమైందో చెప్పలేను. ఎండను తిట్టడం కూడా మరిచిపోయాను.

ద్వాలి తిండి పందిట్లో జొన్నరొట్టెలు కొడుతోంది. మమ్మల్ని చూసి లేచి, చేతులు దులుపుకుంది. సోమమ్మ సీసా పట్టుకుని నిలబడింది.

"రాండ్రి," అంది ద్వాలి. "కూసోండ్రి. మజ్జిగ తాగుతరా?"

తొక్కు సీసా తీసుకుని, "ఎందుకు తెచ్చిండ్రు, మీకు శ్రమ," అంటూ పక్కన పెట్టింది. మళ్ళీ రొట్టెల దగ్గర కూర్చుంది.

సోమమ్మ వచ్చి చాప మీద నా పక్కన కూలబడింది. వేదిక వైపే చూస్తోంది కానీ ఏమీ వినడం లేదు. నాకు చెప్పలేనంత కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియక దేవ్‌సింగ్ దగ్గరికి వెళ్ళి ఆయన మీద చూపించాను.

"మీ ఇంటామెకు గంత పట్టుదలేంది? మా ఆమె తిండి తినక గింత దూరం వచ్చె."

దేవ్‌సింగ్ బీడీ ఆర్పి, నెమ్మదిగా అన్నాడు. "నారాయణన్నా, పట్టుదల కాదే. పొద్దుగాల్నుంచి దారి చూస్తనే ఉన్నది. కానీ బంద్ చెయ్యమన్న పాటను ఆమె మళ్ల ఎట్ల ఎత్తుకుంటది? మళ్ల బంద్ చెయ్యమంటే? ఆపినోళ్లే ఎత్తుకోవాలె గదా."

అంతే కదా. ఇంత చిన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. నేను గబగబా వచ్చి సోమమ్మకు చెప్పాను. ఆమె నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.

"నేనా? నాకు రాగమొస్తదా?"

"గోడ అవతల అన్నేండ్లు విన్నవ్. వస్తది."

"వాళ్ల మాట నాకు సరిగ రాదు."

"తెలుగుల ఏడ్వు."

"గింత జనం ఉన్నరు. నవ్వుతరు."

"అప్పుడు జనాన్ని చూసే గిట్లయింది," అన్నాను.

పొద్దు వాలుతోంది. వేదిక మీద ఒక గిటారు కుర్రాడు తీగలు సవరించుకుంటున్నాడు, చేనంతా ఒక్క క్షణం నిశ్శబ్దమైంది. సోమమ్మ లేచింది. చెప్పులు కూడా వేసుకోలేదు. నేరుగా తిండి పందిట్లోకి వెళ్ళి, పిండి చేతులతో లేచి నిలబడిన ద్వాలి మెడ చుట్టూ చేతులు వేసి, తన పైట ఇద్దరి తలల మీదికీ లాగి, రాగం ఎత్తుకుంది.

"ఓ నా ద్వాలక్కా... నల్లా నీళ్లొచ్చినపుడు నీ బిందె కనబడదాయె అక్కా... గోడ మీద గిన్నె పెడితే తీసుకునే చెయ్యి లేదాయె అక్కా... నా పిల్లకు కొడుకు పుడితే నీ ఒళ్లె వెయ్యకపోతి అక్కా... ఏం పాపిష్టి నోరో నాది, నీ పాట బంద్ చెయ్యమంటి అక్కా..."

గొంతు బాగాలేదు. మా సోమమ్మ గొంతు ఎప్పుడూ బాగుండదు. కానీ చేనంతా వినపడింది.

ఇక చూడాలి గందరగోళం. పట్నం పిల్లలు లేచి నిలబడ్డారు. ఎవరో విజిల్ ఊదారు. గిటారు కుర్రాడు మైకులో, "అక్కడ ఎవరికో బాగాలేనట్టుంది, దయచేసి దారివ్వండి," అన్నాడు. ఇద్దరు స్ట్రెచర్ మోసుకొచ్చారు. బలరాం పరుగున వచ్చి, చూసి, అక్కడే నిలబడి కళ్ళు తుడుచుకుంటూ నవ్వసాగాడు. వాడివల్ల ఏ ఉపయోగమూ లేదు. నేను పందిరి ముందు రెండు చేతులూ చాపి నిలబడ్డాను. గనిలో బ్లాస్టింగ్ అప్పుడు కూడా అంత గట్టిగా ఎవరినీ ఆపలేదు.

"ఆగుండ్రి. ఎవ్వరు చావలే. ఎవ్వరికి ఏం కాలే."

చేతిలో గ్లూకోజు పొట్లంతో ఒక వాలంటీరు అమ్మాయి అడిగింది. "అంకుల్, ఆంటీకి వడదెబ్బ తగిలిందా?"

"లేదు బిడ్డా. అక్కను కలిసింది. సంతోషానికి ఏడుస్తున్నది."

సంతోషమని వాళ్ళకు చెప్పాను కానీ నాకే నమ్మకం లేదు. ద్వాలి ఇంకా కట్టెలా నిలబడే ఉంది. సోమమ్మకు మాటలు అయిపోయాయి. "బంద్ చెయ్యమంటి అక్కా," అన్న ముక్కనే మళ్ళీ మళ్ళీ అంటోంది. గొంతు జీరపోతోంది. ఇంకొక్కసారి అంటే ఆగిపోతుంది.

అప్పుడు పిండి అంటిన రెండు చేతులు సోమమ్మ వీపు మీదికి వచ్చాయి. ద్వాలి రాగం అందుకుంది.

అబ్బ, అదీ గొంతంటే. మైకు లేదు, ఏమీ లేదు, అడవి దాకా వెళ్ళింది. సగం తన భాషలో, సగం మా సోమమ్మకు అర్థం కావాలని తెలుగులో. మనవడు పుట్టిన కబురు నీ నోట కాక మొగుడి నోట విన్నానని దెప్పింది. ఫోన్ మోగిన ప్రతిసారీ చేతిలో పట్టుకుని ఏడ్చానంది. నా రొట్టెల్లేక నీ మొగుడు ఎండుపుల్ల అయ్యాడని పాడింది. అది అబద్ధం, నా పొట్ట ఎవరైనా చూడవచ్చు. తండా ఆడవాళ్ళు పొయ్యిలు వదిలి వచ్చి వాళ్ళిద్దరి చుట్టూ చేరి గొంతు కలిపారు. స్ట్రెచర్ దించేశారు. గిటారు కుర్రాడు ట్రాలీ దిగి వచ్చి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

అయ్యాక జనం చప్పట్లు కొట్టారు. ద్వాలి పైట తీసి, ముఖం తుడుచుకుని, ఆశ్చర్యంగా చూసింది.

"వీళ్లకేమైంది?" అంది. ఇద్దరూ నవ్వు ఆపుకోలేకపోయారు. సోమమ్మ వీపు మీద రెండు తెల్లటి చేతి గుర్తులు ఉన్నాయి. దులపబోతే నా చెయ్యి తోసేసింది.

రొట్టెల్లోకి ద్వాలి తొక్కు సీసా మూత విప్పి, నాలుకకు రాసుకుంది. "ఉప్పు ఎక్కువేసినవ్, సోమా. ఎప్పుడు నేర్చుకుంటవో ఏమో."

అంత సంతోషంగా తిట్టు తిన్న మనిషిని నేను చూడలేదు. పాటలన్నీ అయ్యేదాకా ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుని, పాడేవాళ్ళ జుట్టు గురించి చెప్పుకుంటూనే ఉన్నారు.

పండుగ ముగిసిన మరునాడు పొద్దున రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డాం. దూరాన బస్సు కనపడగానే ద్వాలి సోమమ్మ మెడ పట్టుకుని రాగం తీసింది. ఈసారి వీడ్కోలు పాట. ఆ రోజు మా గుమ్మంలో సగంలో ఆగిపోయిందే, అదే. బస్సు వచ్చి ఆగింది. కిటికీల్లోంచి తలలన్నీ బయటికొచ్చాయి. కండక్టర్ తలుపు మీద చరిచి, "ఎక్కుతరా లేదా, జల్దీ," అని అరిచాడు.

నేను సోమమ్మ వైపు చూశాను. ఆమె పైట కింది నుంచి ఒక చెయ్యి బయటికి తీసి, బస్సును పొమ్మని ఊపింది.

"పోనియ్," అంది. "పాట ఇంక అయిపోలె."

బస్సు వెళ్ళిపోయింది. తర్వాతి బస్సు మధ్యాహ్నానికి గానీ లేదు. నేను సంచీ నీడలోకి జరుపుకుని, దాని మీద కూర్చుని, పాట చివరిదాకా విన్నాను.