ఎడమవైపు పిడి

మా మట్టిపాత్రల స్టూడియోకి, మట్టిని పలకలుగా ఒత్తే స్లాబ్ రోలర్ యంత్రం కొందామని తోడికోడలు అన్నప్పుడు మొదట వద్దన్నది నేనే. ఇంట్లో అందరికంటే దాని అవసరం ఎక్కువ నాకే. ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని వద్దన్నాను.

మట్టిని పలకలుగా ఒత్తడం నా పని. ముద్దని బల్లమీద బాది, అటూ ఇటూ రెండు చెక్క బద్దలు పెట్టి, వాటి మీదుగా బరువైన గుండ్రటి కర్ర దొర్లిస్తూ ఒత్తాలి. ఒకసారి ఒత్తాక పలకని రెండు చేతులమీదికీ ఎత్తి, తిరగేసి, ఈసారి అడ్డంగా ఒత్తాలి. ఒకవైపే ఒత్తి వదిలేస్తే ఎండేటప్పుడు మూలలు పైకి లేస్తాయి. ఆ పలకలతో తోడికోడలు ట్రేలు, గోడకి అతికించే బిళ్ళలు చేస్తుంది. మా మరిది వాటికి పూత వేసి బట్టీలో కాలుస్తాడు. ముందు గదిలో దుకాణం ఉంది. అందులో కూర్చోవడం ముగ్గురిలో ఎవరికీ ఇష్టం ఉండదు. ఎవరి చేతులు ఖాళీగా కనబడితే వాళ్ళని పంపిస్తాం.

కిందటి వానాకాలం నుంచి నా కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదు. తల దువ్వడం ఎడమచేతికి నేర్పుకున్నాను. పై అరలో ఉండే పూతల డబ్బాలన్నీ ఒక్కొక్కటిగా కింది అరలోకి దించుకున్నాను. ఎందుకు దించావని తోడికోడలు అడిగితే పై అర ఊగుతోందని చెప్పాను. ఆమె అప్పటికప్పుడు స్టూలెక్కి అరకి కొత్త మేకులు కొట్టింది. డబ్బాలు మళ్ళీ పైకెక్కాయి.

భుజం సంగతి బయటపడితే ఏమవుతుందో నాకు తెలుసు. నన్ను దుకాణంలో కుర్చీలో కూర్చోబెడతారు. ఎంతో ప్రేమగా, నడుముకి దిండు పెట్టి మరీ కూర్చోబెడతారు. వచ్చినవాళ్ళు కప్పు తిరగేసి అడుగు చూసి, ఇది కిందపడితే పగులుతుందా అని అడుగుతారు. పగులుతుందని చెబుతూ నేనక్కడ మిగిలిన కాలం గడపాలి. మా ఆయన చనిపోయిన ఏడాది నన్ను నిలబెట్టింది ఆ ఒత్తే బల్ల. దాని ముందునుంచి లేచి వెళ్ళే ఉద్దేశం నాకు లేదు.

నేను కొన్నాళ్ళు బెట్టు చేశాను. ఆ తర్వాత, అంతగా అంటున్నారు కాబట్టి చూసొద్దాం అన్నాను.

మా తోడికోడలిని ఇంట్లో కొలబద్ద అంటాం. ఆ పేరు పెట్టింది వాళ్ళాయనే. కొలిచే టేపు ఆమె మెడలోనే ఉంటుంది. యంత్రం ఎక్కడ పెట్టాలో చూడటానికి పొద్దున్నే నన్ను గది మధ్యలో నిలబెట్టింది.

"అక్కా, కాస్త చేతులు చాపు."

"ఎందుకు?"

"చుట్టూ మనిషి మసిలేంత చోటు మిగులుతుందో లేదో చూడాలిగా."

నేను ఎడమచెయ్యి చాపాను.

"రెండోది?"

"అదీ దీనంతే పొడుగు. రెట్టింపు వేసుకో."

మరిది బట్టీ దగ్గర కూర్చుని నవ్వాడు. "వదిన చెప్పింది నిజమేగా. కొలిచి కొలిచి మనుషుల్ని అరగదీసేలా ఉన్నావు నువ్వు."

"మీరు బట్టీ అర వెడల్పు చెప్పండి చాలు."

"తలుపుమీద రాసిపెట్టిందే నువ్వు. అంతకంటే వెడల్పు యంత్రం మాత్రం తేకండి. బట్టీలో పట్టని పలకల్ని చలికాలంలో దుప్పట్లలా కప్పుకోవాల్సొస్తుంది."

మా మట్టి ముద్ద ఒకటి తడిగుడ్డలో చుట్టి సంచీలో వేసుకుని బయల్దేరాం. ఏ పనిముట్టు కొన్నా మా మట్టి పెట్టి చూడనిదే కొనం. షాపువాళ్ళు చూపించే మట్టి వెన్నలా ఉంటుంది, దానిమీద సీసా దొర్లించినా పలక వస్తుంది. మాది ఇసకపాలు ఎక్కువున్న మట్టి, మాట వినదు. సంచీ నేనే తీసుకున్నాను, ఎడమ భుజానికి.

యంత్రాలు అమ్మే చోటు రేకుల షెడ్డు. లోపల కుండలు చేసే చక్రాలు ప్లాస్టిక్ కవర్ల కింద వరసగా ఉన్నాయి. నూనె వాసన. యంత్రాలాయన పెద్దమనిషి. చేతులకి ఏమీ అంటకపోయినా మాటకోసారి గుడ్డతో తుడుచుకుంటాడు.

మొదట బల్లమీద బిగించుకునే చిన్నది చూపించాడు.

"చోటు తినదమ్మా. పనయ్యాక విప్పి మంచం కింద పెట్టుకోవచ్చు."

"మంచం కింద పెట్టుకోడానికి కొంటామా?" అంటూ కొలబద్ద టేపు సాగదీసింది. మేం చేసే ట్రే కంటే అది సన్నం. అక్కడితో దాని కథ అయిపోయింది.

రెండోది పొడుగాటి బల్లలాంటిది. రోలరు ఇనుపతాళ్ళ మీద నడుస్తుంది. పక్కన ఆకులున్న పెద్ద చక్రం ఉంది.

"ఓడకి ఉంటుంది చూడండి, అలాంటి చక్రం. తిప్పుతుంటే సముద్రంలో ఉన్నట్టే ఉంటుంది," అన్నాడు.

కొలబద్ద కళ్ళు మెరిశాయి. మట్టి పెట్టింది, రెండు చేతులా చక్రం పట్టి తిప్పింది. అవతలి వైపు పలక చక్కగా బయటికొచ్చింది. మందం కొలిచింది, అంతటా ఒకటే.

"నువ్వూ తిప్పక్కా."

చక్రం పై ఆకు నా నుదురంత ఎత్తులో ఉంది. దాన్ని అందుకోవాలంటే చెయ్యి ఎక్కడిదాకా వెళ్ళాలో చూసుకున్నాను. ఇక వంకలు వెతకడం మొదలుపెట్టాను.

"రంగు బాలేదు."

"రంగా?"

"ఆకుపచ్చ మీద మట్టి మరకలు కొట్టొచ్చినట్టు కనబడతాయి."

"మట్టి మరకలు ఏ రంగు మీదైనా కనబడతాయక్కా. మనం దీన్ని కట్టుకుని వెళ్ళబోతున్నామా ఎక్కడికైనా?"

"ఆ ఇనుపతాడు నాకు నమ్మకంగా లేదు."

యంత్రాలాయన నొచ్చుకున్నాడు. "ఆ తాడుకి ఏనుగుని వేలాడదీయొచ్చమ్మా."

"మేం ఏనుగులు చెయ్యం. ట్రేలు చేస్తాం."

కొలబద్ద నన్ను పక్కకి లాగింది. "నీకు ఇష్టం లేకపోతే లేదని చెప్పు. పాపం, ఆయన్ని ఎందుకు కుళ్ళబొడుస్తావు?"

"ఇష్టం లేదని ఎవరన్నారు? ఇంకోటి చూద్దామంటున్నాను."

మూడోది షెడ్డు చివర గోనెపట్టా కింద ఉంది. బల్ల నడుమెత్తు. పళ్ళ చక్రాలతో నడుస్తుంది, కుడివైపు పొట్టి పిడి. ఆ పిడి ఎంత తిప్పినా రొమ్ము దాటి పైకి రాదు. యంత్రాలాయన దాన్ని పెద్దగా పొగడలేదు.

"తేలిగ్గానే తిరుగుతుందమ్మా. కానీ నెమ్మది. తిప్పీ తిప్పీ విసుగొచ్చి ఎక్కువమంది తీసుకోరు."

నేనే ముందుకెళ్ళాను. రెండు కాన్వాసు గుడ్డల మధ్య మట్టి పెట్టి కుడిచేత్తో తిప్పడం మొదలుపెట్టాను. పిడి పైకొచ్చిన ప్రతిసారీ భుజంలో సూది దిగినట్టుంది. చెయ్యి మార్చాను. పిడి కుడివైపున ఉంది కాబట్టి బల్లకి వీపు తిప్పి, ఒళ్ళు వంకర చేసుకుని ఎడమచేత్తో తిప్పాల్సొచ్చింది.

"ఏం చేస్తున్నావక్కా?"

"బలం చూస్తున్నాను."

పలక బయటికొచ్చింది. పై గుడ్డ తీశాను. నున్నగా, సమంగా ఉంది. ఇక్కడ నేను చేసిన పని కర్రతో ఒత్తీ ఒత్తీ అలవాటైనవాళ్ళు తప్ప ఎవరూ చెయ్యరు. ఒకసారి ఒత్తడం అయింది కదా అని పలకని రెండు చేతులమీదికీ ఎత్తి తిరగేయబోయాను. యంత్రంలో ఆ పనే అక్కర్లేదు, అడుగు గుడ్డ పట్టుకుని తిప్పితే చాలు. చేతులకి అది తెలియదు. ఎడమచెయ్యి లేచింది, కుడిచెయ్యి సగంలో ఆగిపోయింది. పలక అటు జారి, మడతపడి, యంత్రాలాయన పాదం మీద కూర్చుంది.

"చెయ్యి జారింది," అన్నాను.

ఆయన కాలు కదపకుండా నిలబడ్డాడు. "పర్లేదమ్మా. కొత్త చెప్పులే," అన్నాడు.

కొలబద్ద వంగి మట్టి తీసి ముద్ద చేసింది. తీస్తూ నా మొహం చూడలేదు. సగంలో ఆగిపోయి ఇంకా దిగని నా మోచేతిని చూసింది, టేపుమీద గీతలు చూసినట్టు. తర్వాత లేచి యంత్రాలాయనతో అంది.

"ఈ పిడి ఎడమవైపుకి మార్చొచ్చా?"

"ఎందుకమ్మా? ఎవరైనా కుడిచేత్తోనేగా తిప్పుతారు."

"నాది ఎడమచేతి వాటం."

ఈ ఇంటికి వచ్చినప్పట్నుంచీ ఆమెని చూస్తున్నాను. రాసేది, కోసేది, మేకులు కొట్టేది అన్నీ కుడిచేత్తోనే. అప్పుడు టేపు పట్టుకుంది కూడా ఆ చేత్తోనే. యంత్రాలాయన ఆ చెయ్యి వంక చూశాడు.

"ఇందాక కుడిచేత్తో కొలిచారు కదమ్మా?"

"కొలతలకి కుడి. బరువులకి ఎడమ."

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "ఇరుసు అటువైపు కూడా బయటికే ఉంది. పిడి ఊడదీసి అటు బిగిస్తే సరి. ఎవరూ అడగరు కాబట్టి చెప్పను." స్పానరు తెచ్చి అప్పుడే మార్చాడు. "మీరే తిప్పి చూడండి."

కొలబద్ద ఎడమచేత్తో తిప్పింది. పిడి తుంటికి ఒకసారి, మోచెయ్యి గోడకి ఒకసారి తగిలాయి. మధ్యలో ఆగి ఆగి తిప్పడంతో పలకమీద కెరటాలు వచ్చాయి.

"ఎడమచేతి వాటమన్నారు?"

"కొత్త యంత్రం కదండీ. అలవాటు కావొద్దూ? అక్కా, నువ్వు చూడు."

నేను చూశాను. బల్లకి ఎదురుగా నిలబడి, కుడిచెయ్యి గుడ్డమీద ఊరికే ఆనించి, ఎడమచేత్తో తిప్పాను. నెమ్మదే. విసుగు రాలేదు.

"రంగెలా ఉంది?" అంది కొలబద్ద.

అప్పుడు చూశాను. అదీ ఆకుపచ్చే.

"ఈ ఆకుపచ్చ వేరు," అన్నాను.

బట్టీ అరకి సరిపోయే వెడల్పో కాదో కొలిచి, అదే పంపించమని చెప్పి బయటికొచ్చాం. బస్సెక్కాం. ఆమె సంచీని నా భుజం మీదనుంచి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

"ఎప్పట్నుంచి?" అంది.

"ఏది?"

"నాచేత ఆ అరకి మేకులు కొట్టించావే, అది."

"నేను కొట్టించలేదు. నువ్వే కొట్టావు."

"అక్కా."

"వానలప్పట్నుంచి."

"చెబితే మింగేస్తామా?"

"దుకాణంలో కూర్చోబెడతారు."

"నిన్నా?" ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగేలా నవ్వింది. "నువ్వు కూర్చుంటే కొన్నవాళ్ళు కూడా తిరిగిచ్చేసి పోతారు. డాక్టరు దగ్గరికి మాత్రం రావాలి."

"రాకపోతే?"

"పిడి కుడివైపుకి మార్చేస్తాను."

వస్తానన్నాను.

యంత్రం వచ్చినరోజు కాళ్ళు బిగించింది మరిది. పిడి దగ్గర ఆగాడు.

"ఇది ఎడమవైపుందేంటి?"

"నాది ఎడమచేతి వాటం," అంది కొలబద్ద, కుడిచేతిలో సుత్తితో.

ఆయన సుత్తి వంక చూశాడు. "ఇన్నేళ్ళ కాపురంలో చెప్పనేలేదు."

"మీరు అడిగారా?"

ఆయన నావైపు చూశాడు. నేను కాన్వాసు గుడ్డ ముడతలు సర్దుతున్నాను. ఆయన వంగి యంత్రం కింద చెక్క ముక్క పెట్టి ఊగకుండా సరిచేశాడు. తర్వాత వెళ్ళి పై అరలోని పూతల డబ్బాలు ఒక్కొక్కటే కింది అరలోకి దించడం మొదలుపెట్టాడు.

"ఎందుకవి దించుతున్నారు? అర గట్టిగానే ఉందిగా," అంది కొలబద్ద.

"ఉంటే ఉండనీ. నాకు అందడం లేదు."

మా ఇంట్లో అందరికంటే పొడుగు ఆయనే.

నేను మట్టి పెట్టి తిప్పాను. మొదటి పలక బయటికొచ్చాక చేతులు మళ్ళీ ఎత్తబోయాయి. గుడ్డ అంచు పట్టుకుని అడ్డంగా తిప్పి, రెండోసారి లోపలికి పంపాను. సగం నడిచేసరికి దుకాణంలో గంట మోగింది. ఎవరో వచ్చారు. ముగ్గురం ఒకరి చేతులు ఒకరం చూసుకున్నాం. కొలబద్ద చేతిలో టేపుంది. నా చెయ్యి పిడిమీద ఉంది.

మరిది ఆఖరి డబ్బా కింద పెట్టి, చేతులు తుడుచుకుంటూ ముందు గదిలోకి వెళ్ళాడు.

"పగులుతుందండీ," అనడం వినబడింది. "కిందపడితే పగులుతుంది."