జేబులో రోటర్

ఇంపాలా ముందు టైరుకు గాలి కొడుతూ ఖాసిం వలి ఓరకంట చూశాడు. దేవసహాయం మళ్లీ ఫోన్ తీశాడు. తెరిచిన బానెట్ మీదికి వంగి ఇంజన్‌కు ఫొటోలు తీస్తున్నాడు. నిన్న కార్బురేటర్‌కు తీశాడు, మొన్న బ్యాటరీకి. పెళ్లికూతురికి కూడా ఎవరూ ఇన్ని ఫొటోలు తీయరు.

"ఎందుకప్పా అన్ని ఫొటోలు?" అన్నాడు ఖాసిం వలి, గాలి గొట్టం వదలకుండానే.

"ఏం లేదండి భాయ్‌గారూ. మర్చిపోతానేమోనని."

"మర్చిపోతే నన్నడుగు. నేనేమన్నా సచ్చినానా?"

"అయ్యో, అదేం మాటండీ" అంటూ దేవసహాయం ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. పెట్టుకునే ముందు ఆ ఫొటో ఎవరికో పంపడం ఖాసిం వలి చూడనే చూశాడు.

ఖాసిం వలికి అరవై దాటాయి. పొట్టి మనిషి, గట్టి మనిషి. గడ్డానికి గోరింటాకు రంగు, వేళ్ల సందుల్లో ఏ సబ్బుకూ లొంగని గ్రీజు. కువైట్‌లో, అల్ రాయ్‌లో కార్ల షోరూముల వెనక, గోదాముల వరసలో ఉన్న ఈ రేకుల షెడ్డుకు రాయచోటి నుంచి వచ్చిన రోజున ఆ గడ్డం నల్లగా ఉండేది. షెడ్డు యజమాని అబూ నాసర్‌ను పనివాళ్లంతా బాబా అంటారు. ఎనభై దాటిన కువైటీ. వయసులో ఉన్నప్పుడు మోజుపడి కొన్న డెబ్భై రెండో మోడల్ షెవర్లే ఇంపాలాను ఆయన ఈ షెడ్డులోనే ఉంచుకున్నాడు. దాని పక్కన ఒక పాత డాట్సన్ పికప్ ఉంటుంది. పికప్‌ను ఇక్కడ వనైత్ అంటారు. ఆ పేరెందుకు వచ్చిందని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు, ఖాసిం వలి ఒక్కడే మూడు రకాలుగా చెబుతాడు.

ఇంపాలా గురించి మాత్రం ఒకటే కథ, అది బాబా నోటి నుంచి విన్నదే. ఇరాక్ సైన్యం ఊళ్లోకి దిగినప్పుడు కనబడ్డ కారునల్లా తోలుకుపోయారట. బాబా అంతకు ముందే ఇంపాలా డెల్కో మూత విప్పాడు. ఇంజన్‌లో ఒక్కో ప్లగ్గుకూ వంతులవారీగా కరెంటు పంచే డబ్బాను మెకానిక్కులు డెల్కో అంటారు. అందులో తిరిగే రోటర్‌ను పీకి జేబులో వేసుకున్నాడు. అరచేతిలో ఇమిడే నల్లటి ముక్క అది. అది లేకపోతే తాళం ఎంత తిప్పినా ఇంజన్ అందుకోదు. సైనికులు వచ్చారు, తిప్పారు, తిట్టుకున్నారు, వదిలేసి పోయారు. ఈ కథ చెప్పినప్పుడల్లా బాబా తొడుక్కున్న దిష్‌దాషా అంగీ జేబు మీద అరచేత్తో కొట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వేవాడు. ఆ నవ్వు చూడడానికే ఖాసిం వలి ఆ కథను మళ్లీ మళ్లీ అడిగేవాడు.

జనవరి నెల. పొద్దున సముద్రం వైపు నుంచి వచ్చిన మంచు షెడ్డు రేకుల మీద ఇంకా ఆరలేదు. ఎండాకాలంలో ఈ పాత కార్లను బయటికి తీస్తే సిగ్నల్ దగ్గరే కుతకుత ఉడికిపోతాయి. అందుకని కువైట్‌లో వాటికి చలికాలమే పండగ. శుక్రవారం సాయంత్రాలు సముద్రపు రోడ్డు మీద వరసగా ఊరేగుతాయి. పండగ కార్లకు, చాకిరీ ఖాసిం వలికి. చలికి టైర్లలో గాలి తగ్గుతుంది. బ్యాటరీ బద్ధకిస్తుంది. ప్లాస్టిక్ గుడ్డ కప్పితే లోపల చెమ్మ పట్టి ఇనుము తుప్పు తింటుంది, అందుకని నూలు గుడ్డే కప్పాలి. తలుపుల చుట్టూ ఉండే రబ్బరుకు గ్లిజరిన్ రాయకపోతే బిగుసుకుపోయి పగుళ్లిస్తుంది. బండి ఒకేచోట నిలబడితే టైర్లు అడుగున చదునెక్కుతాయి, కాబట్టి అప్పుడప్పుడూ కాస్త ముందుకు నెట్టాలి. షెడ్డులో అటూ ఇటూ జరపాల్సి వస్తే ఖాసిం వలి సీటు అంచున ఒంటి పిర్రతో కూర్చుని, మెడ సాచి జరుపుతాడు. రోడ్డు మీద స్టీరింగ్ మాత్రం బాబాది. ఇన్నేళ్లలో ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. ఖాసిం వలి వెనక సీట్లో కూర్చుని ఇంజన్ చప్పుడు వింటూ ఉంటాడు.

ఇంత పని ఒంటి చేత్తో చేస్తున్నవాడికి సాయమంటూ మూడు నెలల కిందట బాబా కొడుకు నాసర్ ఈ దేవసహాయాన్ని తెచ్చి దింపాడు. అమలాపురం దగ్గరి మనిషి. నలభై ఏళ్లుంటాయి. మెడలో సన్నటి సిలువ, నోట్లో ఎప్పుడూ ఒక అండి. ఇంతకు ముందు ఇక్కడే ఎగైలాలో ఒక ఇంట్లో కార్లు కడిగేవాడట. నమ్రతగా ఉంటాడు, చెప్పకముందే గుడ్డ అందిస్తాడు. ఆ మంచితనమే ఖాసిం వలికి అసలు నచ్చలేదు.

సాయం అంటే ఏమిటో అతనికి తెలియనిది కాదు. పోయినేడు లాల్ బాషాకు జరిగింది అదే. ఒక ఇంట్లో ఇరవై ఏళ్లకు పైగా డ్రైవరు. నీకు వయసైంది, సాయంగా ఇతన్ని పెట్టుకో అని వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఒక కొత్త మనిషిని తెచ్చాడు. లాల్ బాషా పొంగిపోయి దారులన్నీ చూపించాడు, బండి గుట్లన్నీ విప్పి చెప్పాడు. కొత్తవాడు పని నేర్చుకున్న వారానికే దేశంలో ఉండనిచ్చే ఇఖామా ఖలాస్, చేతిలో విమానం టికెట్. ఇప్పుడు రాయచోటిలో మనవళ్లను బడికి దింపుతున్నాడు. ఖాసిం వలికి అలా ఊరు చేరాలని లేదు. ఊళ్లో భార్య బషీరా బీ ఉంది, సొంతిల్లుంది, తిండికి లోటు లేదు. కానీ సెలవుకు వెళ్తే ఆమె అతనికి కంచం, గ్లాసు వేరేగా కడిగి పెడుతుంది. అక్కడ అతను చుట్టం. ఇంటివాడైంది ఈ షెడ్డులోనే.

అందుకే మూడు నెలలుగా దేవసహాయానికి అరకొరగానే నేర్పుతున్నాడు. చలికి ఇంజన్ అందుకునేందుకు తాను బిగించిన చోక్ లాగడం చూపించాడు, ఎప్పుడు తిరిగి నొక్కాలో చూపలేదు. డెల్కో విప్పాల్సి వచ్చినప్పుడల్లా వీపు అడ్డం పెట్టాడు.

పదకొండు గంటల వేళ నాసర్ వచ్చాడు. ఖాసిం వలికి సలాం చెప్పి, ఇంపాలా చుట్టూ ఒకసారి తిరిగి, ముందు సీట్లోకి తొంగి చూశాడు. తర్వాత దేవసహాయాన్ని గేటు అవతలికి పిలిచాడు. ఇద్దరూ చాలాసేపు గుసగుసలాడారు. నాసర్ షెడ్డు వైపు వేలు చూపిస్తూ ఏదో చెప్పాడు, దేవసహాయం తల ఊపి నవ్వాడు. గుడ్డ పిండుతున్న ఖాసిం వలిని చూడగానే ఇద్దరూ నోరు మూశారు.

నాసర్ వెళ్లిపోయాక ఖాసిం వలి అడిగాడు.

"ఏమంటాడప్పా?"

"ఏం లేదండి. బండి ఎలాగుందని అడిగారండి."

"బండి సంగతి నన్నడగల్ల గదా. నిన్నెందుకు అడిగె?"

దేవసహాయం మొహం ఎర్రబడింది. "నాకేం తెలుస్తదండీ" అని చీపురు తీసుకుని అవతలికి పోయాడు. అబద్ధం చెప్పడం కూడా సరిగ్గా రాదు, ఇలాంటివాడు నా కుర్చీ లాగేస్తున్నాడు అనుకుని ఖాసిం వలి ఇంకా మండిపోయాడు.

పన్నెండు దాటాక, నమాజు వేళకు ఖాసిం వలికి చోటిచ్చి దేవసహాయం చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. నమాజు తర్వాత చేసుకోవచ్చనుకుని ఖాసిం వలి ముందు బానెట్ ఎత్తాడు. డెల్కో మూత విప్పి, రెండు స్క్రూలు ఊడదీసి, రోటర్‌ను బయటికి తీశాడు. గుడ్డతో తుడిచి చొక్కా జేబులో వేసుకున్నాడు. మూత పెట్టాడు, బానెట్ దించాడు, గుడ్డ కప్పాడు. ఇప్పుడు తోలుకో చూస్తాం, అనుకున్నాడు. బాబా వచ్చేది ఎటూ శుక్రవారమే. ఇవాళ గురువారం. రేపు పొద్దున్నే బిగించేస్తే ఎవరికీ తెలియదు.

వనైత్ ఎక్కి రిగ్గైలో తన గదికి వెళ్లి అన్నం తిన్నాడు. గదిలో మిగతావాళ్లు పనుల మీద ఉన్నారు. దుప్పటి కప్పుకోగానే ఫోన్ మోగింది. దేవసహాయం. ఖాసిం వలి ఎత్తలేదు. కాసేపటికి మళ్లీ మోగింది. మళ్లీ దేవసహాయమే. ఇంక ఖాసిం వలికి అనుమానం లేదు. నేను ఇటు రాగానే తాళం తిప్పినాడు దొంగ నాయాలు, ఇంజన్ అందుకోక గిలగిలలాడుతున్నాడు. ఫోన్‌ను బోర్లా పెట్టి, జేబు మీద అరచేత్తో కొట్టుకుని, గదిలో ఒక్కడే నవ్వుకున్నాడు. మూడు నెలల తర్వాత ఆ మధ్యాహ్నం అతనికి కంటి నిండా నిద్ర పట్టింది.

సాయంత్రం అసర్ నమాజు చేసుకుని షెడ్డుకు వచ్చేసరికి ఇంపాలా గుడ్డ తీసేసి ఉంది. బానెట్ ఎత్తి ఉంది. దేవసహాయం గడపలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏమప్పా, స్టార్ట్ కాలేదా?" అన్నాడు ఖాసిం వలి. గొంతులో సంతోషం దాచుకోలేకపోయాడు.

"బాబాగారొచ్చారండి" అన్నాడు దేవసహాయం.

ఖాసిం వలి నిలబడిపోయాడు.

"మీరలా వెళ్లారు, ఇలా దింపారండి నాసర్‌గారు. ఎప్పట్లాగా స్టీరింగ్ కాడ కూర్చోలేదండి. అవతలి పక్కన కూర్చుని, ఖాసింని పిలు, ఈయాల్టి నుంచి వాడే నడుపుతాడు, నేను సముద్రం చూసుకుంటా కూర్చుంటానన్నారు. ఆయనకి దూరం చూపానట్లేదంటండి. తోలొద్దని డాక్టర్లు ఎప్పట్నించో చెప్తున్నా వినలేదంట. మీకు చెప్పడానికి మొహమాటపడ్డారంట."

"మరి నిన్నెందుకు తెచ్చిరి?"

"మీరు డ్రైవరైతే తుడిచేవోడు కావాలి కదండీ."

"ఆ మాట నాకు ముందే చెప్తే ఏమి?"

"చెప్పొద్దని బాబాగారే ఒట్టేయించుకున్నారండి. తనే చెప్తానని. ఆ ఫొటోలు కూడా ఆయనకేనండి. మంచం మీంచే ఫోన్ కళ్ల దగ్గర పెట్టుకుని రోజూ చూసుకునేవారంట."

ఖాసిం వలి గోడకు ఆనుకున్నాడు. "బండి స్టార్ట్ కాకపోతే కోపం చేసినాడా?" అని నెమ్మదిగా అడిగాడు.

"నేను తలుపు కాడ నిలబడి ఎంత తిప్పినా అందుకోలేదండి. మీకు రెండుసార్లు చేశాను. అప్పుడు ఆయనే దిగొచ్చి డెల్కో మూత తియ్యమన్నారు. లోపలికి చెయ్యి పెట్టి తడిమి చూసి, ఒకటే నవ్వండి. జేబు మీద కొట్టుకుని మరీ నవ్వారు. నాకేం అర్థం కాలేదు. ఖాసింని లేపకు, పడుకోనీ, రేపెళ్దాం అన్నారండి. కాసేపు అలాగే బండిలో కూర్చుని, నాసర్‌గారొస్తే ఇంటికెళ్లిపోయారు."

ఖాసిం వలికి కొంచెం ప్రాణం లేచివచ్చింది. బాబా నవ్వాడంటే కోపం లేదు. రేపు ఉంది కదా. రేపు పొద్దున్నే బండి తీసుకుని నేరుగా ఇంటికే వెళ్లి, చేతులు పట్టుకుని చెప్పుకోవాలి. తన మీదే ఆయన పెట్టుకున్న నమ్మకాన్ని తాను ఎంత వంకరగా చూశాడో తలచుకుంటే సిగ్గుతో చెవులు వేడెక్కాయి. దేవసహాయం మొహం చూడలేక, "టీ తాగినావా?" అని అడిగాడు. మూడు నెలల్లో అలా అడగడం అదే మొదలు.

ఇద్దరూ టీ తాగుతుండగా, పొద్దు గూకే మగ్రిబ్ అజాన్‌కు ముందు, నాసర్ ఫోన్ చేశాడు. నెమ్మదిగా, పనివాడికి అర్థమయ్యే అరబీలో చెప్పాడు. బాబా ఇంటికొచ్చి పడుకున్నాడు. లేపబోతే లేవలేదు. రేపు పొద్దున సులైబీఖాత్ ఖబరస్తాన్‌లో దఫనం, నువ్వు రా ఖాసిం, నువ్వు తప్పకుండా రావాలి.

"ఇన్నా లిల్లాహి" అన్నాడు ఖాసిం వలి. తన ఇఖామా సంగతి ఏమవుతుందోనన్న ఆలోచన ఆ క్షణంలో అతనికి రాలేదు. బాబా చివరిగా అడిగిన ఒక్క షికారును తన జేబులో వేసుకుని పడుకున్నానన్న బాధ తప్ప ఇంకేమీ తోచలేదు. టీ గ్లాసు పక్కన పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. దేవసహాయం పక్కనే నిలబడ్డాడు.

కొంతసేపటికి లేచి ఇంపాలా దగ్గరికి నడిచాడు. జేబులోంచి రోటర్ తీశాడు. దేవసహాయం దాన్ని చూశాడు, అతని మొహం చూశాడు. టార్చ్ వెలిగించి పట్టుకున్నాడు. ఈసారి ఖాసిం వలి వీపు అడ్డం పెట్టలేదు. ఇదిగో ఈ గాడిలో ఇట్లా కూర్చోవల్ల, ఇట్లా బిగించల్ల, అని ఒక్కొక్కటే చూపించాడు. మూత పెట్టి, బానెట్ దించి, డ్రైవర్ వైపు తలుపు తీశాడు.

తీసి అక్కడే ఆగిపోయాడు.

"మీకేనండి అది" అన్నాడు దేవసహాయం వెనక నుంచి. "మీకు బానెట్ అవతల రోడ్డు కనబడదు కదా అని, బాబాగారే కొనిపించి చంకలో పెట్టుకుని తెచ్చారండి."

ఖాసిం వలి లోపలికి ఎక్కలేదు. బయట నిలబడే చెయ్యి చాపి తాళం తిప్పాడు. చలికి ఒక్కసారి గురగురమని ఇంజన్ అందుకుంది. చోక్ మెల్లగా లోపలికి నొక్కి, చప్పుడు కుదురుకునేదాకా విని, ఆపేశాడు. పాత నూలు గుడ్డను ఇద్దరూ చెరో కొసా పట్టుకుని కప్పుతుంటే, ఖాసిం వలి కిటికీ దగ్గర గుడ్డను ఒక్క క్షణం పైకే పట్టి ఉంచాడు. స్టీరింగ్ ముందు సీటు మీద నీలిరంగు దిండు, మందంగా, కొత్తగా, చుట్టిన ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా, ఎలా పెట్టింది అలాగే ఉంది.