వాన వెలిసిన ఎండ

హవానాలో పాత ఇళ్లు వానలో కూలవు. తడిసిన గోడలు ఎండకు ఆరేటప్పుడు కూలుతాయి. అందుకే వాన వెలిసి ఎండ కాయగానే మా వీధిలో అందరూ కుర్చీలు పట్టుకుని కిందికి దిగుతారు.

మా తమ్ముడు ఎలియాదెస్ ఉండే మేడ రక్షిత కట్టడం. దాన్ని పడగొట్టి కొత్త ఇళ్లు కట్టడానికి వీల్లేదు. బాగుచేయడానికి ఎవరూ రాలేదు. ముందువైపు బాల్కనీకి మాత్రం కర్రలు ఊతం పెట్టి వెళ్లారు. వాడికున్నది ఒక్క గది. కూతురు యామిలెకు నెలలు నిండాయి. గది కప్పు బాగా ఎత్తు కనుక, సగంలో చెక్కలతో అటక వేసి తల్లీబిడ్డలకు చోటు చేద్దామనుకున్నాడు.

తనిఖీకి వచ్చిన అధికారి ఒప్పుకోలేదు.

"ఈ గోడకి దూలం గుచ్చితే ఊరుకోం. రెండొందల ఏళ్ల గోడ."

"గోడ సంగతి సరే సార్. నా మనవణ్ణెక్కడ పడుకోబెట్టను, మీ బల్ల మీదా?"

"కొత్త ఇంటికి అర్జీ పెట్టారు కదా."

"పెట్టాను. ఇదిగో, ఈ యామిలె పుట్టినప్పుడు."

ఆయన చెడ్డవాడు కాదు. అలాంటి మేడ మళ్లీ ఎవరూ కట్టలేరని నమ్మినవాడు. కాగితాలు సర్దుకుని వెళ్లిపోయాడు. ఆ వారంలోనే ఎలియాదెస్ అటక వేశాడు.

బిడ్డ పుట్టాక ముసురు పట్టింది. ఎండ వచ్చిన ఉదయం అందరం వీధిలో కూర్చున్నాం. చంటివాడు యామిలె ఒళ్లో ఉన్నాడు.

"అటక మీద పరుపు ముద్దయిపోయిందక్కా. తెచ్చి ఎండలో వేస్తా," అన్నాడు ఎలియాదెస్.

"ముందు గోడలు ఆరనీరా."

"అవి ఆరేసరికి వీడు పెళ్లికెదుగుతాడు."

కింది వాటా ఒబ్దూలియా నవ్వింది. "పోతే పోయావుగానీ, వచ్చేటప్పుడు నా కాఫీ గిన్నె కూడా పట్రా నాయనా."

వాడు లోపలికి వెళ్లాడు. చప్పుడు అనుకున్నంత పెద్దగా రాలేదు. దుమ్ము మాత్రం వీధి చివరిదాకా వచ్చింది.

అటక బరువుకే గోడ పోయిందని ఆఫీసువాళ్లు అన్నారు. బాగుచేయని కప్పు నాని కూలిందని మేమన్నాం. రెండూ నిజమే కావచ్చు.

ముందుగోడ నిలిచింది. ఇప్పుడు దానికి ఇనుప ఊతలు పెట్టారు. బాల్కనీ తలుపుల్లోంచి ఆకాశం కనిపిస్తుంది.

యామిలె ఊరవతల శిబిరంలో ఉంటోంది. నిన్న వెళ్లాను. దుప్పట్లు కట్టి చేసిన గది, చేతికందే రేకుల కప్పు. కూలడానికి అక్కడ గోడలే లేవు. మాట్లాడుతుండగా వాన వెలిసి ఎండ కాసింది. యామిలె మాట ఆపి, నిద్రపోతున్న బిడ్డను ఎత్తుకుని బయటికి వెళ్లి నిలబడింది.