నీలం స్క్రీను సార్

అమీర్‌పేటలో హనుమత్ప్రసాద్ అని అడిగితే ఎవరికీ తెలియదు. నీలం స్క్రీను సార్ అని అడగండి, మైత్రీవనం వెనక టీ కొట్టు మనిషి కూడా గరిటె ఎత్తి చూపిస్తాడు. "గా మెట్లెక్కు అన్నా, రెండో ఫ్లోర్ల ఉంటడు." ఆయన సి లాంగ్వేజ్ చెప్పే మాస్టారు. సి ప్రోగ్రాంలు రాసే టర్బో సి తెరిస్తే కంప్యూటర్ స్క్రీను మొత్తం నీలంగా మారిపోతుంది. కాకినాడ నుంచి వచ్చి ఆ నీలం ముందు నిలబడిన మనిషి, జుట్టు నెరిసేదాకా అక్కడే నిలబడ్డాడు. ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లలు మెడలో కంపెనీ బిళ్లలు వేసుకుని హైటెక్ సిటీలో బస్సులు దిగుతున్నారు. ఆయనకు మాత్రం ఒక్కరోజు కూడా కంపెనీలో పనిచేసే యోగం పట్టలేదు. ఈ సంగతి పైకి అనడు గాని, ఆ బిళ్ల అంటే ఆయనకు చచ్చేంత ఆశ.

కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ మొదటి క్లాసు ఒకేలా ఉండేది. పేరు అచ్చువేసే చిన్న ప్రోగ్రాం బోర్డు మీద రాసి, చివరి లైను దగ్గర ఆగి, మార్కర్‌తో బోర్డును టకటక కొట్టేవాడు.

"ప్రోగ్రాం అయిపోగానే స్క్రీను మాయమైపోద్దర్రా. జవాబు వచ్చినా మీ కంటికి కనబడదు. అందుకని చివర్లో గెట్చ్ అని రాయండి. మీరు ఏదో ఒక కీ నొక్కేదాకా కంప్యూటర్ ఎక్కడికీ పోకుండా నిలబడుద్ది. అన్నం తినడం మర్చిపోండి గాని ఇది మర్చిపోకండి."

పిల్లలు నవ్వేవారు, రాసుకునేవారు, మర్చిపోయేవారు కాదు. అమీర్‌పేటలో చదివినవాడికి గెట్చ్ రాయడం చెప్పులు బయట విడవడం లాంటిది. ఆలోచించి చేసే పని కాదు.

రెండువేల ఆరు వచ్చేసరికి జనం జావా గదుల్లో, డాట్‌నెట్ గదుల్లో కిటికీ గట్ల మీద కూడా కూర్చుంటున్నారు. సి గదిలో ఫ్యాను తిరిగే శబ్దం వినబడుతోంది. ఇన్‌స్టిట్యూట్ యజమానిని అందరూ డైరెక్టర్ గారు అంటారు. ఆయన ఒకరోజు పిలిచి, ఎంతో మర్యాదగా, "ప్రసాద్ గారూ, ఆ గది టెస్టింగ్ బ్యాచ్‌కి కావాలండి. వచ్చే నెల నుంచి సి ఆపేద్దాం" అన్నాడు. హనుమత్ప్రసాద్ తల ఊపి బయటికి వచ్చాడు. యాభై దాటిన మనిషిని, సి తప్ప ఇంకోటి రానివాణ్ని, ఈ ఊళ్లో ఎవరు తీసుకుంటారు?

తీసుకునేవాడు ఆ వారంలోనే ఎదురొచ్చాడు. రాఘవేందర్ ఒకప్పుడు ఆయన శిష్యుడే. సిద్దిపేట పక్క పల్లె నుంచి వచ్చి, ఈ నీలం స్క్రీను ముందు కూర్చుని, ఇప్పుడు పంజాగుట్టలో నగల షాపు పైఅంతస్తులో సొంతంగా చిన్న కంపెనీ నడుపుతున్నాడు.

"సార్, మా పోరగాళ్లకు జావా వస్తది, పైతాన్ వస్తది, సి ఒక్కటి రాదు. జర మీరే ఒక పని చేసియ్యాలె" అన్నాడు.

పని చిన్నదే. బేగంపేటలో ఒక కొరియర్ కంపెనీ ఉంది. రోజూ పొద్దున్నే వాళ్ల వ్యాన్లు ఏ సందులోంచి ఏ సందుకు వెళ్లాలో చెప్పే ప్రోగ్రాం రాఘవేందర్ వాళ్లు పైతాన్‌లో రాశారు. దారులు సరిగ్గానే చెబుతుంది గాని, అది చెప్పేలోపు డ్రైవర్లు టిఫిన్ తిని టీ కూడా తాగేస్తున్నారు. ఆ లెక్క ఒక్కటీ సి లో రాసి పైతాన్‌కు తగిలిస్తే రెప్పపాటులో తేలిపోతుంది. అలా తగిలించే ముక్కను ఎక్స్‌టెన్షన్ మాడ్యూల్ అంటారు.

"డెమో మంచిగయితే ప్రాజెక్టు మనదే సార్. మీకు సీనియర్ ఇంజనీర్ అని ఆర్డర్ ఇస్త. ఫికర్ చేయకున్రి."

ఆ మాట ఆయన నెత్తిన పాలు పోసినట్టయింది. మర్నాడే డైరెక్టర్ గారి గదిలోకి వెళ్లి, కూర్చోమనక ముందే కూర్చుని, "నేనే మానేస్తున్నానండీ. పంజాగుట్టలో కంపెనీలో చేరుతున్నాను" అన్నాడు. అనవలసిన అవసరం ఏమీ లేదు. ఉండబట్టలేకపోయాడు.

రాఘవేందర్ ఆఫీసులో కిటికీ పక్కన ఒక కుర్చీ, కంప్యూటర్ ఇచ్చారు. కింద ఫ్లైఓవర్ కోసం రోడ్డు తవ్వుతున్న రొద. లెక్క రాయడం ఆయనకు నల్లేరు మీద నడక. రాసినంత వేగంగా చిక్కొచ్చిపడింది. టర్బో సి కి పైతాన్ అనే పేరే తెలియదు, అది ఎప్పటి కాలందో. ఇన్‌స్టిట్యూట్ నుంచి తెచ్చుకున్న మైక్రోసాఫ్ట్ వాళ్ల పాత కంపైలర్, అంటే రాసిన కోడును కంప్యూటర్‌కు అర్థమయ్యేలా మార్చేది, వేసి చూస్తే ఎర్రటి అక్షరాలతో జవాబు వచ్చింది. ఈ పైతాన్‌ను 2003 నాటి కంపైలర్‌తో తయారు చేశారు, దానికి తగిలించే ముక్కను కూడా అదే కంపైలర్‌తో చేయాలి, అది మీ దగ్గర లేదు, పొమ్మంది. కాళ్లరిగేలా అమీర్‌పేట సీడీ కొట్లన్నీ తిరిగాడు. అందరి దగ్గరా 2005 ఉంది. "గా పాతది ఎవడు కొంటడు సార్?" అన్నారు.

ఇంటికొచ్చి చొక్కా విప్పకుండా కూలబడితే భార్య నాగేశ్వరి, "ఏంటండీ, అంత కష్టమా?" అంది.

"ఒక కంపెనీ కుక్కర్‌కి ఇంకో కంపెనీ గాస్కెట్ వేస్తే ఏమవుద్ది?"

"ఆవిరి పోద్ది. పప్పు ఉడకదు."

"అదే నా కష్టం. గాస్కెట్ దొరకట్లేదు."

"మరి సరిపోయేది ఎవరైనా చేసిస్తారేమో అడగరాదూ?" అందామె, పప్పు కలుపుతూ.

చేసిచ్చేవాళ్లు నిజంగానే ఉన్నారు. ఆ మాట మర్నాడు ఆఫీసులో మధులత చెప్పింది. పైతాన్ ప్రోగ్రాం రాసింది ఆ అమ్మాయే. "సార్, ఇంటర్నెట్ల ఒక ఫ్రీ కంపైలర్ ఉంది. దాన్ని జర సెట్ చేసుకుంటే 2003 దానికి జోడీ అయితదంట." ఆ జర అన్నది ఆయన ప్రాణం తీసింది. పైతాన్ లోపల ఏమేం పేర్లున్నాయో బయటికి లాగి, వాటితో కొత్త కంపైలర్‌కు అర్థమయ్యే లైబ్రరీ ఒకటి కట్టాలి. పైతాన్ వాడుకునే రన్‌టైమ్ ఫైలునే ఇదీ వాడుకునేలా సెట్టింగు మార్చాలి. ఒక ఎర్రర్ పోతే దాని వెనక ఇంకోటి. పైగా ఏం టైపు చేసినా కొత్త కంపైలర్ బదులు టర్బో సి లేచి వస్తోంది. చివరికి చూస్తే, కంప్యూటర్ వెతుక్కునే ఫోల్డర్ల వరసలో టర్బో సి పేరు అన్నిటికన్నా ముందుంది. మొదటిరోజు చేతి అలవాటుగా ఆయన పెట్టుకున్నదే.

ఆ పేరు చెరిపేయడానికి చాలాసేపు పట్టింది. బతుకంతా అన్నం పెట్టినదాన్ని గుమ్మంలోంచి వెళ్లగొడుతున్నట్టు అనిపించింది. కళ్లు చెమర్చాయి, మధులత చూస్తుందేమోనని కళ్లజోడు తుడుచుకున్నాడు. చెరిపేశాడు.

అంతే, మాడ్యూల్ తయారైంది. పైతాన్ దాన్ని కిమ్మనకుండా లోపలికి తీసుకుంది. స్క్రీను మీద తెరుచుకున్న నల్ల కిటికీలో వ్యాన్ల దారులు చకచకా దిగాయి. అందరూ లేచొచ్చారు. రాఘవేందర్ ఆయన రాసిన కోడు మొదటి నుంచి చివరి దాకా చదివి, "మస్తుంది సార్" అన్నాడు. ఎన్నిసార్లు నడిపించమంటే అన్నిసార్లు హనుమత్ప్రసాద్ తన చేత్తోనే నడిపించి చూపించాడు. మౌసు ఇంకెవరికీ ఇవ్వలేదు. సంబరం మరి. డెమో ముందురోజు బేగంపేట వెళ్లి, కొరియర్ కంపెనీ సర్వర్ గదిలో తనే కూర్చుని మాడ్యూల్ ఎక్కించి, నడిపించి, సరిగ్గా వచ్చిందని చూసుకుని, నల్ల కిటికీని అలాగే వదిలి వచ్చాడు. ఇక మీద ఎవరూ దాని ముందు కూర్చోనక్కర్లేదు. అడిగేవాళ్లు తమ బల్ల దగ్గర నుంచే అడుగుతారు, అది లోపల లెక్కకట్టి పంపుతుంది.

డెమో రోజు నాగేశ్వరి చొక్కా ఇస్త్రీ చేసి, జేబులో పెన్ను పెట్టి పంపింది. మీటింగు గదిలో ఆ కంపెనీ మేనేజరు, అతని మనుషులు ఉన్నారు. ఇదే పని కోసం వచ్చిన ఇంకో కంపెనీ వాళ్లు బయట సోఫాలో కూర్చుని తమ వంతు కోసం చూస్తున్నారు. రాఘవేందర్ నాలుగు మాటలు చెప్పి, "ఇగ చూడున్రి సార్, రెప్పపాటుల వస్తది" అని బటన్ నొక్కాడు.

గోడ మీద ప్రొజెక్టర్ వెలుగులో ఇసుక గడియారం బొమ్మ కనబడింది. అలాగే ఉండిపోయింది.

"నెట్ స్లో ఉన్నట్టుంది" అన్నాడు రాఘవేందర్. మధులత కేబుల్ కదిపి చూసింది. మేనేజరు వాచీ చూసుకున్నాడు. ఏం తప్పు? లైబ్రరీనా? రన్‌టైమా? కంపైలర్ అతకలేదా? హనుమత్ప్రసాద్ లోపల ఒక్కొక్కటే తడుముకుంటున్నాడు. అప్పుడు బల్ల అంచు మీద ఏదో చప్పుడు వినబడి కిందికి చూశాడు. తన కుడిచేతి వేలు, తన ప్రమేయం లేకుండా, బల్లను నొక్కుతోంది. నొక్కి ఆగుతోంది, మళ్లీ నొక్కుతోంది. ప్రోగ్రాం నడిపిన ప్రతిసారీ ఆ వేలు ఒక కీ నొక్కుతుంది. క్లాసులో, ఆఫీసులో, నిన్న సర్వర్ గదిలో, అన్నిచోట్లా నొక్కింది.

కోడులో చివరి లైను కళ్లముందు కనబడింది. గెట్చ్. ఎప్పుడు రాశాడో గుర్తు కూడా లేదు. తాళం వేసిన సర్వర్ గదిలో కంప్యూటర్ లెక్కంతా ఎప్పుడో పూర్తిచేసి, ఎవరో ఒకరు వచ్చి ఏదో ఒక కీ నొక్కుతారని బుద్ధిగా నిలబడి ఉంది. ఆయన నేర్పినట్టే.

లేచి నిలబడ్డాడు. "సర్వర్ గదిలో... ఒక్క కీ నొక్కితే వచ్చేస్తుందండీ" అన్నాడు.

"ఏ కీ?" అన్నాడు మేనేజరు.

"ఏదైనా పర్లేదండీ."

మేనేజరు నవ్వేశాడు, నిజంగా నవ్వొచ్చి. "అంటే రోజూ పొద్దున్నే ఒక మనిషిని అక్కడ కూర్చోబెట్టి కీ నొక్కించమంటారా మాస్టారూ?"

మాస్టారు అన్న మాట ఎవరు చెప్పారో అతనికి. మొహం చూస్తేనే తెలిసిపోతుందేమో.

"ఒక్క లైనే సార్, ఇప్పుడే తీసేస్తం" అని రాఘవేందర్ బతిమాలాడు. మధులత తాళం అడిగి పరిగెత్తింది. ఆమె కీ నొక్కినట్టుంది, గోడ మీద దారులన్నీ ఒక్కసారిగా దిగాయి, ఒక్క తప్పు లేకుండా. చూడవలసినవాళ్లు గదిలో ఎవరూ లేరు. మేనేజరు అప్పటికే బయటి సోఫా వాళ్లతో కరచాలనం చేస్తున్నాడు. ప్రాజెక్టు వాళ్లకే వెళ్లింది.

కింద పార్కింగులో రాఘవేందర్ చాలాసేపు బైకు తాళం చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. తిట్టినా బాగుండేది.

"నేను సుత చదివిన సార్ మీ కోడు. మొత్తం చదివిన. గా లైను నా కంటికి ఆనలే." తాళం జేబులో వేసుకుని, "నాకు నేర్పింది మీరే గద" అన్నాడు.

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అదే హనుమత్ప్రసాద్ తట్టుకోలేకపోయాడు. ఆర్డర్ సంగతి తరవాత చూద్దామన్నాడు రాఘవేందర్. తరవాత అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు.

పంజాగుట్ట దాకా బస్సులో వచ్చి, అక్కణ్నుంచి తవ్విపోసిన మట్టి పక్కగా నడుచుకుంటూ ఇంటికి చేరాడు. నాగేశ్వరి మొహం చూసి నీళ్లిచ్చింది.

"అతకలేదా అండీ?"

"అది అతికింది నాగేశ్వరీ" అన్నాడు. "బాగానే అతికింది. నేనే అతకలేదు." అని, పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె ముందు ఏడ్చాడు.

తరవాతి సోమవారం డైరెక్టర్ గారి గది బయట నిలబడ్డాడు. ఈసారి లోపలికి వెళ్లినా కూర్చోలేదు. డైరెక్టర్ గారు పాపం ఏమీ అడగలేదు. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం పిల్లలు కొందరు కాలేజీ పరీక్ష కోసం సి అడుగుతున్నారని, వెనక స్టోరు గది ఖాళీ చేయిస్తానని, వాళ్లు ఉన్నన్నాళ్లు చెప్పమని అన్నాడు. హనుమత్ప్రసాద్ చేతులు జోడించాడు.

స్టోరు గదిలో పిల్లలు సర్దుకుని కూర్చున్నారు. పక్క గదిలోంచి టెస్టింగ్ బ్యాచ్ నవ్వులు వినబడుతున్నాయి. మార్కర్ మూత తీసి, పేరు అచ్చువేసే చిన్న ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టాడు. చివరి లైను దగ్గర చెయ్యి ఆగిపోయింది. రాయకపోతే ఆ నీలం స్క్రీనులో వీళ్లకు జవాబు కనబడదు, పరీక్ష తప్పుతారు. రాస్తే, వీళ్లలో ఒకరి వేలు కూడా ఎప్పుడో ఒకనాడు ఒక బల్ల అంచు మీద అలా నొక్కుకుంటూ కూర్చుంటుంది. ఏం చెప్పాలో ఆయనకు నిజంగా తెలియలేదు. ఇంత వయసొచ్చి, చెప్పడానికి తన దగ్గర ఇంకేమీ లేదని మాత్రం తెలిసింది.

ముందు వరసలో అమ్మాయి తల ఎత్తింది. "గెట్చ్ కూడా రాయాలి కదా సార్? మా సీనియర్స్ చెప్పారు" అంది. ఆమె పుస్తకంలో అప్పటికే రాసేసింది.

"అవునమ్మా" అన్నాడు హనుమత్ప్రసాద్, బోర్డు వైపు తిరిగి ఆ లైను రాశాడు.